ధ్రువుడు 17 డిగ్రీల దగ్గరే ఉంటాడు: మూడేళ్ళు వాడిన ట్రాకర్ గురించి

రాత్రి ఫోటోలకు కెమెరాను నక్షత్రాల వెంట నెమ్మదిగా తిప్పే ఈ చిన్న ట్రాకర్ కొని మూడేళ్ళు దాటింది. ఎన్ని కిలోలు మోస్తుంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది లాంటివి పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే. దీని కింద వచ్చే వాలు బేస్ మన అక్షాంశాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ఆ సంగతి నాకు ఆండ్రోమెడా గెలాక్సీని తీసే సీజన్ ఒకటి పోయాక తెలిసింది.

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ధ్రువ నక్షత్రం మనకు ఆకాశంలో ఇంచుమించు అంత ఎత్తులోనే కనిపిస్తుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టి కొలిస్తే రెండు పిడికిళ్ళు కూడా ఉండదు. నక్షత్రాల వెంట కెమెరా తిరగాలంటే ట్రాకర్ ఇరుసు ధ్రువం వైపే చూడాలి, అంటే మన దగ్గర అది దాదాపు పడుకుని ఉంటుంది. లండన్‌లో అదే ఇరుసు 51 డిగ్రీలు లేస్తుంది. ఇక్కడ ధ్రువానికి గురిపెట్టే చిన్న దుర్భిణి, పోలార్ స్కోప్‌లోంచి చూడాలంటే చాప పరుచుకుని మోకాళ్ళ మీద వంగాలి. పైగా ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి అర డిగ్రీకి పైగా పక్కన ఉంటుంది, దాన్ని స్కోప్‌లోని వలయం మీద సరైన చోట కూర్చోబెట్టాలి. అంత కిందున్న నక్షత్రం దుమ్ములో మసగ్గా ఉంటే ఒక్కోసారి అరగంట పడుతుంది. ఈ కష్టానికి మాత్రం అలవాటు పడ్డాను.

అలవాటు పడలేనిది ఇంకొకటి ఉంది. వికారాబాద్ దాటాక మా బావమరిదికి కొంచెం పొలం ఉంది. కార్తీక అమావాస్య శనివారం వచ్చింది, ఆకాశం కడిగినట్టు ఉంది. అక్కడి నుంచి హైదరాబాద్ వెలుగు తూర్పున గోపురంలా లేచి కనిపిస్తుంది. అందుకే ఆండ్రోమెడా నడిమింటిని దాటి పడమటికి వాలడం మొదలయ్యేదాకా ఆగి, తొమ్మిదింటికి మొదలుపెట్టాను. 200 ఎంఎం లెన్సు, సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, ఒక్కో ఫ్రేము 60 సెకన్లు. మొదటి పది ఫ్రేములు పెద్దది చేసి చూశాను. నక్షత్రాలు చుక్కల్లా ఉన్నాయి. మధ్యలో పసుపు ముద్ద, దాని పక్కనే ఎం32, కాస్త దూరంగా ఎం110, రెండూ దాని చిన్న తోడు గెలాక్సీలు. 25 లక్షల ఏళ్ళ కింద బయల్దేరిన వెలుగు ఆ చిన్న తెర మీద కనిపిస్తుంటే బావమరిదిని కూడా లేపి చూపించాను. "ఇంత పెద్దగా ఉంటదా బావా?" అన్నాడు. ఉంటుంది. నిండు చంద్రుడి వెడల్పుకు ఆరు రెట్లు ఉంటుంది, వెలుగు తక్కువ కాబట్టి కంటికి అంత తెలియదు. ఒంటిగంటన్నర దాకా అలారం పెట్టుకుని కారులో పడుకున్నాను.

మర్నాడు ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేసి చూస్తే పదకొండున్నర తర్వాతి ఫ్రేములన్నీ గీతలే. రెండు గంటల వెలుగు పోయింది. ముందు బ్యాటరీ అనుకున్నాను, తర్వాత గాలి అనుకున్నాను. ట్రైపాడ్ కాలి మీద కొత్తగా పడిన గీరుడు చూశాక అర్థమైంది.

కెమెరాకు అటువైపు కడ్డీకి, కెమెరాతో సరితూగేలా, కౌంటర్‌వెయిట్ అనే బరువు ఉంటుంది కదా. గెలాక్సీ నడిమింట ఉన్నప్పుడు ఆ కడ్డీ అడ్డంగా ఉంటుంది, గెలాక్సీ పడమటికి దిగేకొద్దీ అదీ కిందికి దిగుతుంది. ఇరుసు 50 డిగ్రీలు లేచి ఉండే చోట కడ్డీ ట్రైపాడ్‌కు దూరంగా వాలుతుంది, దేనికీ తగలదు. మన దగ్గర ఇరుసు పడుకుని ఉంటుంది కాబట్టి కడ్డీ దాదాపు నిలువుగా దిగుతుంది. వీడియోల్లో చెప్పినట్టు నేను ఒక కాలు ఉత్తరానికి పెట్టాను, బరువు సరిగ్గా దాని మీదికే వచ్చింది. మోటారు ఆగదు, కాలు జరగదు. మధ్యలో ఇరుసును పట్టి ఉంచే క్లచ్ నలిగిపోయింది. ఆ తర్వాత కెమెరా బరువుకు అది జారడం మొదలైంది. అమ్మినవాళ్ళకు పంపితే తిరిగి రావడానికి ఆరు వారాలు పట్టింది, అప్పటికి ఆండ్రోమెడా చీకటి పడేసరికే పడమట ఉంటోంది. బేస్ గురించి అడిగితే "అందరికీ ఇదే వస్తుంది సార్" అన్నారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మన దేశంలో అమ్మే వస్తువు దక్షిణాదిలో ఎలా నిలబడుతుందో ఒక్కసారి బిగించి చూసినా తెలిసేది.

ఇప్పుడు ఉత్తరం వైపు కాలు పెట్టను. ఉత్తరం రెండు కాళ్ళ మధ్యలోకి వచ్చేలా ట్రైపాడ్ తిప్పుతాను, ట్రైపాడ్‌కీ బేస్‌కీ మధ్య చిన్న పొడుగు గొట్టం బిగించాను. కడ్డీ రెండు కాళ్ళ సందులోంచి పోతుంది. తర్వాత ఒక్కసారి కూడా తగల్లేదు. గొట్టం ఖర్చు మాత్రం అదనం, దాని వల్ల కొంచెం ఊగుతుంది కూడా. గాలి ఉంటే ఫ్రేములు పారేయాల్సిందే.

కొన్న కొత్తలో దీని గురించి అడిగిన వాళ్ళందరికీ "రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ హాయిగా వస్తుంది" అని చెప్పాను. అది నిజమే, కానీ అప్పుడు నా దగ్గరున్నది 50 ఎంఎం లెన్సు, తీసింది పాలపుంతను. 200 ఎంఎంతో 60 సెకన్లు దాటితే మూడింట ఒకటి పోతుంది. ఎం33కి ఇంకా ఎక్కువ సేపు కావాలి, అది పల్చటి గెలాక్సీ. నాలుగు గంటలు పోగేసినా దాని సర్పిలాకారపు చేతులు లీలగానే వచ్చాయి.

స్టాకింగ్, అంటే ఫ్రేములన్నీ కలిపి ఒక్క ఫోటో చేయడం, సిరిల్‌లో, ఆకాశంలో పరుచుకున్న వెలుగు తీసేయడం గ్రాక్స్‌పర్ట్‌లో చేస్తాను, రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. లెన్సు అంచుల చీకటి, దుమ్ము మచ్చలు సరిచేయడానికి తీసే ఫ్లాట్ ఫ్రేములకు నాన్నగారి తెల్ల పంచె ముక్క లెన్సుకు కట్టి తెల్లారుజామున ఆకాశం వైపు పెడతాను. సిటీ లైట్లు ఆపుతుందని కొన్న ఫిల్టర్ గెలాక్సీలకు పనికి రాలేదు. గెలాక్సీ వెలుగంటే కోట్ల నక్షత్రాల వెలుగు, అన్ని రంగులూ ఉంటాయి. మన వీధుల్లోని ఎల్ఈడీ దీపాల్లోనూ అంతే. ఏది ఆపాలో ఫిల్టర్‌కు తెలియదు.

ఇక నేను ఊహించనిది మా అపార్ట్‌మెంట్ డాబా మీద జరిగింది. నిజాంపేటలో మా డాబా నుంచి ధ్రువ నక్షత్రం కనబడదు, ఉత్తరాన వాటర్ ట్యాంకు ఉంది. గెలాక్సీలకు డాబా పనికిరాదని రెండేళ్ళు దాని మీద ఆశే పెట్టుకోలేదు. నిజామియా అబ్జర్వేటరీ ఒకప్పుడు బేగంపేట నుంచే గాజు పలకల మీద నక్షత్రాల ఫోటోలు తీసింది. తర్వాత ఉస్మానియా వాళ్ళు 48 అంగుళాల టెలిస్కోప్‌ను ఊరికి దూరంగా రంగాపూర్‌లో పెట్టుకున్నారు. అలాంటిది నా డాబా ఎంత అనుకున్నాను.

మొన్న మార్చిలో అమ్మకు ఒంట్లో బాగాలేక పొలానికి వెళ్ళలేదు. ఊరికే డాబా మీద బిగించాను. దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఇక్కడ తేడా కొద్దిగానే, దానితో దిక్కు, ఫోన్‌లోని లెవెల్‌తో వాలు పెట్టి, ఒక నక్షత్రం ఎటు జరుగుతుందో చూస్తూ రెండు రాత్రులు సరిచేశాను. సింహరాశిలోని మూడు గెలాక్సీలు, ఎం65, ఎం66, ఎన్జీసీ 3628, మనకు నడినెత్తికి నాలుగైదు డిగ్రీల దూరంలోనే దాటుతాయి. సిటీలో కూడా మసక అన్నిటికంటే తక్కువుండేది అక్కడే. కౌంటర్‌వెయిట్ కడ్డీ అడ్డంగా ఉంటుంది, కాలి భయం లేదు. 20 సెకన్ల ఫ్రేములు మూడు గంటలు తీసి స్టాక్ చేస్తే కందిగింజల్లాంటి రెండు మరకలు, పక్కన సన్నటి గీత. మూడోది ఉందా లేదా అని చాలాసేపు చూశాను, ఉంది. 3 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరం, మా నీళ్ళ ట్యాంకు పక్కన నుంచి. పొలంలో తీసిన ఆండ్రోమెడా కంటే ఆ ఫోటోనే నాకు ఎక్కువ ఇష్టం. అమ్మకు చూపిస్తే అరుంధతి పక్కన ఇలాంటివి లేవా అని అడిగింది. ఉన్నాయి, ఎం101 అటే ఉంటుంది. కానీ అది మా ట్యాంకు వైపు.

కొనాలా అంటే, నాకు కారుంది, బావమరిది పొలముంది, శనివారం సెలవుంది. ఇవి లేనివాళ్ళు ట్రాకర్ కంటే ముందు మంచి లెన్సు మీద డబ్బు పెట్టడం మేలేమో. 135 ఎంఎం దాటని వాళ్ళకు కౌంటర్‌వెయిట్ లేకుండా జరిగిపోవచ్చు, అప్పుడు నా ఫిర్యాదు వాళ్ళకు వర్తించదు. నేను దీన్ని అమ్మను. కొత్తగా కొనేవాళ్ళు మాత్రం డబ్బు కట్టేముందు బేస్‌ను 17 డిగ్రీలకు దించి, బరువు బిగించి, పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూపించమనండి.

డాబా మీద ట్రైపాడ్ మూడు కాళ్ళ చోట ఎర్ర పెయింటు చుక్కలు పెట్టుకున్నాను, మళ్ళీ మళ్ళీ ఉత్తరం వెతక్కుండా. పోయిన నెల వాటర్‌ప్రూఫింగ్ చేయించినప్పుడు అవి కొత్త పూత కిందికి పోయాయి. సింహరాశి మళ్ళీ నడినెత్తికి వచ్చేలోపు రెండు రాత్రులు కూర్చుని వేసుకోవాలి.