నామినీయా, వీలునామాయా?

స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించలేమని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి జంటలో ఒకరు పోతే రెండోవారు చట్టం దృష్టిలో వారసులు కారు.

తన తర్వాత భాగస్వామికి ఏమైనా దక్కాలంటే దారులు రెండు: నామినేషన్, వీలునామా. నామినేషన్ తేలిక. బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవొచ్చని, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖే స్పష్టం చేసింది. చిక్కల్లా ఒక్కటే: నామినీ సొమ్ము అందుకుంటారు గానీ సొంతదారు కారు. తోబుట్టువులు వారసులమంటూ దావా వేస్తే అప్పగించాల్సి రావొచ్చు.

వీలునామా ఆ లోటు తీరుస్తుంది, స్వార్జితమైతే మరీ ధీమాగా. తెల్లకాగితం చాలు; స్టాంపు పేపరు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి, మీ ఎదుటే తామూ పెట్టాలి. ఆస్తి పొందే మనిషినే సాక్షిగా పెట్టారో, గొడవ కొని తెచ్చుకున్నట్టే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా ఇంట్లో ఒప్పుకోనివాళ్లుంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లడమే మేలు.