పాత కారు పెద్ద సర్వీసు: షోరూమా, తెలిసిన మెకానికా?

టైమింగ్ బెల్ట్ (ఇంజిన్లో పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ) ఉన్న కారు లక్ష కిలోమీటర్లు దాటితే ఆ బెల్ట్, వాటర్ పంపు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ఖర్చు: షోరూములో లేబర్ ఎక్కువ, దానిపై 18 శాతం జీఎస్టీ. అనంతపురంలో తెలిసిన మెకానిక్ దగ్గర లేబర్ బాగా తక్కువ.

శ్రమ: షోరూములో బండి వదిలేసి రావచ్చు. మెకానిక్ దగ్గర పక్కనే నిలబడాలి. పాత బెల్ట్ వంచి పగుళ్లు చూడండి, కొత్తదాని డబ్బా మీద పార్ట్ నంబరు సరిపోల్చుకోండి.

రిస్క్: బెల్ట్ దారిలో తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. ఆ రిపేరు ముందు సర్వీసు బిల్లు ఏపాటి? ఎక్కడ చేయించినా నకిలీ స్పేరు మాత్రం వద్దు.

44వ నంబరు జాతీయ రహదారిపై తరచూ బెంగళూరు వెళ్లేవాళ్లు బెల్ట్ పని షోరూములోనే చేయించి, బ్రేకులు, సస్పెన్షన్ మెకానిక్‌కు ఇవ్వండి. ఊళ్లోనే తిప్పేవాళ్లకు, పనితనం తెలిసిన మెకానిక్ ఉంటే, అన్నిటికీ ఆయనే చాలు.