పికప్ బండి సైడ్ అద్దం పగిలితే ఏది మేలు: పలకా, అతుకా, కొత్త సెట్టా?

గుంటూరు యార్డు గేటు దగ్గర మిర్చి టిక్కీల బండ్లు, మదనపల్లె మార్కెట్టు సందుల్లో టమాటా ట్రేల బండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదులుతుంటాయి. అలాంటి చోట మొదటి దెబ్బ సైడ్ అద్దానికే తగులుతుంది, బండి ఒంటిని దాటి బయటికి పొడుచుకొచ్చేది అదే కాబట్టి. కారుకైతే లోపలి అద్దం కొంత ఆదుకుంటుంది. పికప్‌లో లోడు ఎక్కాక ఆ అద్దంలో బస్తాలు తప్ప ఇంకేం కనపడవు. పక్క అద్దం పోయిందంటే ఆ వైపు కన్ను పోయినట్టే. "ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం" అని హైవే ఎక్కకండి.

బాగు చేయడానికి దారులు నాలుగైదు ఉన్నాయి: గాజు పలక ఒక్కటే మార్చడం, విరిగిన డొప్పను (గాజును పట్టి ఉంచే ప్లాస్టిక్ పెట్టెను) అతికించడం, బజారు సెట్టు (వేరేవాళ్లు చేసిన మొత్తం అద్దం) వేయడం, బండి కంపెనీ సెట్టు వేయడం, పాత బండి నుంచి తీసిన సెట్టు తెచ్చుకోవడం. వీటిలో ఏది మేలో తేల్చాల్సింది మొదట ధర కాదు, విరిగింది ఏ భాగం అన్నది.

ముందు పట్టుకుని ఊపి చూడండి

గాజు అంచు మీద వేలు పెట్టి మెల్లగా నొక్కండి. డొప్ప కదలకుండా గాజు ఒక్కటే లటలటలాడితే వెనకున్న గుండు కీలు వదులైంది, లేదా బ్యాకింగ్ ప్లేటు (గాజు వెనక ఉండే ప్లాస్టిక్ పలక) క్లిప్పులు విరిగాయి. ఇప్పుడు డొప్పను రెండు చేతులా పట్టుకుని ఊపండి. మొత్తం అద్దం కాలుతో (డొప్పను తలుపుకు కలిపే కొమ్మతో) సహా ఊగితే దెబ్బ మడత కీలుకో, తలుపుకు ఆనే మొదలుకో తగిలింది. తలుపు లోపలి వైపున్న త్రికోణం మూత తీసి చూస్తే మొదలు దగ్గర వెంట్రుకంత పగులైనా కనపడుతుంది. ఎలక్ట్రిక్ అద్దమైతే స్విచ్చి నొక్కి నాలుగు వైపులా తిప్పండి. మోటారు చప్పుడు వినిపిస్తూ గాజు కదలకపోతే లోపలి పళ్లు అరిగాయి. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టరు చూడండి. మోటారు మార్చే మాట ఆ తర్వాతే.

గాజు ఒక్కటే పగిలితే పలక చాలు, కానీ ఏ పలక?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. రోడ్డు పక్క గాజు కొట్టులో మామూలు ముఖం చూసుకునే అద్దాన్ని ఆ ఆకారంలో కోసి అంటించేస్తారు. చూడటానికి శుభ్రంగా, పాతదాని కంటే మెరుపుగా ఉంటుంది. డ్రైవరుకు కూడా వెనకబండి పెద్దగా కనపడుతోందని సంతోషం. పెద్దగా కనపడటంలోనే ఉంది నష్టం.

పికప్‌లకు వచ్చే పక్క అద్దాలు సాధారణంగా బయటికి కాస్త ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బు వల్ల వస్తువు చిన్నదిగా కనపడుతుంది, బదులుగా చూపు వెడల్పవుతుంది. ఎంత వెడల్పో లెక్క వేసి చూద్దాం. అద్దం 15 సెంటీమీటర్ల వెడల్పు, డ్రైవరు కంటికి 80 సెంటీమీటర్ల దూరం, ఉబ్బు వ్యాసార్ధం 1,200 మిల్లీమీటర్లు అనుకోండి. చదును గాజులో కనపడేది సుమారు 11 డిగ్రీలు. ఉబ్బు గాజులో సుమారు 25 డిగ్రీలు. క్లీనర్ సైడు, అంటే ఎడమ వైపు, అద్దం కంటికి ఇంకా దూరం, దాదాపు మీటరున్నర. అక్కడ చదును గాజు 6 డిగ్రీలకు పడిపోతుంది, ఉబ్బు గాజు మాత్రం 20 డిగ్రీలు ఇస్తుంది. అంటే 20 మీటర్ల వెనక ఉబ్బు గాజులో 7 మీటర్ల వెడల్పు కనపడేచోట చదును గాజులో 2 మీటర్లే. ఎడమ పక్కనుంచి దూరే మోటార్ సైకిలు ఆ 2 మీటర్లలో ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. ఎడమ వైపు చదును గాజు వేయడానికి ఏ ధరా సరైన కారణం కాదు.

కాబట్టి బండి పేరు, మోడల్ సంవత్సరం, వైపు చెప్పి బ్యాకింగ్ ప్లేటుతో వచ్చే పలక అడగండి. కొట్టులోనే రెండు పరీక్షలు చేయొచ్చు. స్టీలు స్కేలు అంచును గాజు మీద ఆనించండి: ఉబ్బు గాజు మీద స్కేలు మధ్యలో తగిలి రెండు కొసల్లో సందు వస్తుంది, చదును గాజు మీద రాదు. తర్వాత పగిలిన పాత ముక్కను కొత్తదాని పక్కన పెట్టి ఒకే స్తంభాన్ని చూడండి. రెండింట్లో స్తంభం ఒకే సైజులో కనపడితే ఉబ్బు సరిపోయినట్టు. ఒక వైపు ఒక ఉబ్బు, రెండో వైపు ఇంకో ఉబ్బు అయితే డ్రైవరు దూరాల అంచనా తప్పుతుంది. తల అటూ ఇటూ కదిపినప్పుడు స్తంభం అలలా వంకరపోతే ఆ గాజు తీసుకోవద్దు.

బిగించే పని పది నిమిషాలది. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు పెట్టుకోండి. పగిలిన గాజు మీద అడ్డంగా నిలువుగా టేపు అంటిస్తే పెంకులు రాలవు. గాజు పై అంచును లోపలికి బాగా నొక్కితే కింద సందు తెరుచుకుంటుంది. గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ పట్టీని ఆ సందులో దూర్చి మెల్లగా పైకి లేపితే క్లిప్పులు ఒక్కొక్కటే వదులుతాయి. స్క్రూడ్రైవరు వాడితే డొప్ప అంచు చిట్లుతుంది. వేడి చేసే అద్దమైతే వెనక రెండు వైర్లుంటాయి, వాటిని లాగి తెంపకుండా టెర్మినల్ పట్టుకుని తీయండి. కొత్త పలకను పెట్టాక గుడ్డ మడత మీద అరచేయి ఆనించి గాజు మధ్యలో నొక్కండి, టక్కుమని శబ్దం వచ్చేదాకా. అంచు మీద నొక్కితే కొత్త గాజు కూడా పగులుతుంది.

ప్లేటు లేని పలక అంటించాల్సి వస్తే పాత గాజునూ జిగురునూ పూర్తిగా గీకేయాలి. పాతదాని మీదే కొత్తది అంటించడం మామూలైపోయింది కానీ, బరువు రెట్టింపై గాజు కిందికి వాలిపోతుంది, ఎలక్ట్రిక్ అద్దమైతే మోటారు మీద భారం. సిలికాన్ కొనేటప్పుడు వాసన చూడండి. వెనిగర్ వాసన వచ్చే రకం అద్దం వెనక పూతను తినేస్తుంది, కొన్నాళ్లకు నల్ల మచ్చలు లేస్తాయి. వాసన లేని న్యూట్రల్ రకం కావాలి. అంటించాక ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి, అంతవరకు గాజు జారకుండా టేపు పట్టి ఉంచాలి. ఫెవిక్విక్ లాంటి జిగురు వద్దు. దాని ఆవిరి గాజు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది.

గాజు బాగానే ఉండి గుండు కీలు వదులైతే కొనాల్సిందే లేదు. మామూలు చేతి అద్దంలో స్ప్రింగు స్క్రూ ఉంటుంది, అది బిగించాలి. ఇంకా వదులుంటే గుండుకు కప్పుకు మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి పెట్టి బిగిస్తే మళ్లీ పట్టు వస్తుంది.

డొప్ప విరిగితే అతుకు ఎంతవరకు?

వెనక మూత మాత్రమే చిట్లి ఉంటే అతుకు పెట్టొచ్చు, తప్పు లేదు. కానీ ప్లాస్టిక్ రకం చూసుకోవాలి. డొప్ప లోపలి వైపు చిన్న అచ్చు అక్షరాలుంటాయి. ఏబీఎస్ అని ఉంటే రెండు భాగాల ఎపాక్సీ బాగా పడుతుంది, ముందు గరుకు కాగితంతో రుద్ది, లోపలి వైపు సన్నటి జాలీ ముక్క పెట్టి అతికిస్తే ఇంకా గట్టి. పీపీ అని ఉంటే ఏ మామూలు జిగురూ నిలవదు, వేడి చేసి కరిగించే ప్లాస్టిక్ వెల్డింగే చేయాలి. ఎం-సీల్ ముద్ద తాత్కాలికం: గట్టిపడ్డాక అది వంగదు, బండి అదురుకు అంచు వెంట వదిలేస్తుంది.

మొదలు, కాలు, మడత కీలు విరిగితే మాత్రం అతుకు వద్దు. అద్దం బరువంతా, గాలి తోపంతా ఆ ఒక్కచోటే పడుతుంది. అతికిన కాలు ఇంటి దగ్గర గట్టిగానే అనిపిస్తుంది. వేగం 60 దాటగానే గాజు సన్నగా వణికి బొమ్మ మసకవుతుంది, లైట్లు గీతలుగా సాగుతాయి. ఏదో ఒక గుంతలో ఊడి వెనక వచ్చేవాడి మీద పడుతుంది.

కొత్త సెట్టు: బజారుదా, కంపెనీదా?

బొలెరో, ఏస్, దోస్త్ తరహా బండ్లకు వచ్చే చేతితో తిప్పే అద్దంలో వైరు లేదు, మోటారు లేదు. సెట్టు మొత్తం వందల్లోనే దొరుకుతుంది. కాలు విరిగితే ఇక్కడ ఆలోచించనక్కర్లేదు, సెట్టు మార్చేయండి. మంచి బజారు సెట్టు ఈ బండ్లకు చాలు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో రెండు మూడు రకాలు పక్కపక్కన పెట్టి చూసే వీలుంటుంది. కీలు పది సార్లు తిప్పి ఆగినచోట ఆగుతోందా చూడండి, గాజు మీద స్కేలు పరీక్ష చేయండి, మొదలు కింద రబ్బరు ఉందో లేదో చూడండి. నాసిరకం సెట్టుకు గాజు కంటే ముందు పోయేది కీలే.

ఇంకో తేడా కాలి పొడవు. తొట్టి క్యాబిన్ కంటే వెడల్పుగా కట్టించిన బండికి పొట్టి కాలి అద్దం వేస్తే అందులో కనపడేది తొట్టి చెక్కే. బోల్టు రంధ్రాలు కలిసినంత మాత్రాన కారు రకం అద్దం పికప్‌కు సరిపోయినట్టు కాదు.

ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి వాటి లెక్క వేరు. మడిచే మోటారు, ఇండికేటరు అన్నీ ఒకే డొప్పలో ఉంటాయి, సెట్టు ధర వేలల్లోకి వెళ్తుంది. ఇలాంటి వాటికి ముందు విడిభాగం దొరుకుతుందేమో అడగాలి: పలక, మూత, ఇండికేటరు విడివిడిగా. కాలే విరిగితే నా ఓటు కంపెనీ సెట్టుకు. కారణం వైర్లు. గాజు తిప్పే రెండు మోటార్లకు ఒక వైరు ఉమ్మడిగా పెట్టి మూడు వైర్లతో నడుపుతారు. మడిచే మోటారుకు రెండు, ఇండికేటరుకు రెండు, వేడికి ఉంటే ఇంకో రెండు. బజారు సెట్టులో కనెక్టరు ఆకారం ఒకటే ఉండి పిన్నుల వరస మారితే పైకి నొక్కితే పక్కకు తిరుగుతుంది, లేదా ఫ్యూజు పోతుంది. అప్పుడు వైరు కోసి కలపడం మొదలైతే ఆ అతుకుల్లోకి తడి చేరుతుంది.

పాత బండి నుంచి తీసిన కంపెనీ సెట్టు ఈ బండ్లకు మంచి నడిమి దారి. కొనేముందు 12 వోల్టుల బ్యాటరీ పెట్టి మోటార్లు తిరుగుతున్నాయో చూసుకోండి. రెండు కొసలు తారుమారు చేస్తే గాజు వ్యతిరేక దిక్కుకు తిరగాలి.

బజారుదైనా కంపెనీదైనా సెట్టు బిగింపు ఒకటే. లోపలి త్రికోణం మూత తీసి, కనెక్టరు విప్పి, చాలా బండ్లలో ఉండే మూడు నట్లు 10 నంబరు పానాతో విప్పాలి. ముందే తలుపు సందులో గుడ్డ కుక్కండి, నట్టు లోపల పడితే తలుపు ప్యాడంతా విప్పాల్సి వస్తుంది. చివరి నట్టు తీసేటప్పుడు ఇంకొకరు బయట అద్దం పట్టుకోవాలి. రబ్బరు మడత పడకుండా కూర్చోబెట్టి, మూడు నట్లు చేత్తో ఎక్కించాక కొంచెం కొంచెంగా వంతులవారీ బిగించండి. ఒకటే ముందు బిగిస్తే మొదలు వంకరై గాలి ఈల వేస్తుంది. చివర ఒక మగ్గు నీళ్లు పోసి లోపలికి కారడం లేదని చూసుకోండి.

ఇన్సూరెన్సు సంగతి

అద్దం ఒక్కదానికే క్లెయిము పెట్టడం నష్టం. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీస్తారు, గాజుకు మాత్రం తీయరు. దానికి తోడు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, అది మొదటి ఏడు 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరిగేది. తలుపు, ఫెండరు కూడా నలిగిన దెబ్బలోనే అద్దాన్నీ కలిపి రాయించండి.

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ కూడా చూసుకోండి. రవాణా బండికి 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ ఉంటుంది, అక్కడ అద్దాలు చూస్తారు. ముందురోజు హడావుడిగా చదును గాజు అంటించుకుని పోయేవాళ్లు చాలామంది. ఆ గాజుతోనే మరో ఏడాది తిరుగుతారు. వారం ముందే సరైన పలక తెప్పించుకోండి.