బేస్ ఇయర్‌ఫోన్స్ కొనేవాళ్లు జాగ్రత్త: షాపువాడి ఫోన్‌లో విని మాత్రం కొనకండి

నిన్న సాయంత్రం కోఠి నుంచి వచ్చినప్పటి నుంచీ ఒళ్లు మండిపోతోంది. రాత్రి నిద్ర కూడా పట్టలేదు. కాస్త కోపం తగ్గాక రాద్దామనుకున్నాను కానీ తగ్గితే సగం మర్చిపోతాను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. వెయ్యి, పదిహేను వందల్లో గట్టి బేస్ ఉన్న ఇయర్‌ఫోన్స్ కోసం తిరుగుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే బజారుకి వెళ్లండి.

విషయం టూకీగా చెప్తాను. మా తమ్ముడు డిగ్రీ మొదటి సంవత్సరం. బోనాలకీ, వినాయక నిమజ్జనానికీ మా బస్తీ పిల్లలతో కలిసి డప్పు కొడతాడు, ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్‌లో ప్యాడ్ యాప్ పెట్టుకుని తీన్మార్ ప్రాక్టీస్ చేస్తాడు. బ్లూటూత్‌వి వాడికి పనికిరావు, వేలు పడ్డాక చప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది, దరువు తప్పిపోతుంది. కాబట్టి వైరువే కావాలి. పాతవాటిలో కుడివైపు పోయి రెండు నెలలైంది, ఒక్క చెవితోనే నెట్టుకొస్తున్నాడు, నోరు తెరిచి అడిగే రకం కాదు. మొన్న జీతం పడగానే నేనే వెళ్లాను, ఆదివారం వాడి పుట్టినరోజు.

షాపు పేరు ఇక్కడ రాయను. లోపలికి అడుగుపెట్టగానే "రా అన్నా, కూర్చో అన్నా" అని స్టూలు వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. బేస్ బాగా కావాలి అన్నాను. గోడకి వేలాడుతున్న వాటిలోంచి ఒక జత తీసి "ఇది విను అన్నా, గుండె అదురుతుంది" అన్నాడు. నా ఫోన్‌కి జాక్ లేదు, ఇప్పుడొచ్చే చాలా ఫోన్లకి లేదు కదా, టైప్-సి కన్వర్టర్ ఇంట్లో ఉండిపోయింది. "పర్వాలేదన్నా, మన ఫోన్ ఉంది కదా" అని తన ఫోన్‌కే పెట్టి ఒక తీన్మార్ వేశాడు. నిజంగానే అదిరింది. దెబ్బ పడ్డప్పుడల్లా దవడ దగ్గర తెలుస్తోంది. తమ్ముడి మొహం ఎలా వెలిగిపోతుందో అప్పుడే కళ్లముందు కనబడింది, ఇంకేమీ ఆలోచించలేదు. డబ్బా మీద ఎంఆర్‌పీ 2,999. ముందు 1,350 అన్నాడు, బేరమాడితే 1,150కి దిగాడు. బిల్లు అడిగితే "బిల్లయితే జీఎస్టీ 18 శాతం పైన పడుతుంది అన్నా, నీకే నష్టం" అన్నాడు. ఎంఆర్‌పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర అని నాకు తెలుసు. తెలిసి కూడా, రెండొందలు మిగులుతాయి కదా అని నోరు మూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది. యూపీఐలో కట్టాను, స్క్రీన్ మీద షాపు పేరు రాలేదు, ఎవరో మనిషి పేరు వచ్చింది, అదీ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక ఆదివారం దాకా ఆగలేక ఆ రాత్రే ఇచ్చేశాను. వాడు డబ్బా విప్పి, చెవుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి "బాగున్నాయన్నా" అన్నాడు. ఆ గొంతులోనే తెలిసిపోయింది. లాక్కుని నేను విన్నాను. డప్పు కాదు, రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టుంది. పైన టింగు టింగుమనే చప్పుడు తప్ప కింద ఏమీ లేదు. కన్వర్టర్ లోపమేమో అని వాడి పాత ఫోన్‌కి, దానికి జాక్ ఉంది, దానికి పెట్టి చూశాం. అదే వరస.

చెవి రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే బేస్ మొత్తం బయటికి పోతుందని అందరికీ తెలిసిందే, ఎంత మంచివైనా సందు ఉంటే కింది చప్పుడు నిలవదు. డబ్బాలో ఒక్కటే సైజు రబ్బర్లు ఇచ్చాడు, గట్టివి. పాతవాటి మెత్తటి రబ్బర్లు మార్చి పెట్టాం, పిసరంత మారింది, అంతే. తమ్ముడు 20 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి పోయే టెస్ట్ టోన్ ఒకటి పెట్టాడు, హెర్ట్జ్ ఎంత తక్కువైతే అంత కింది చప్పుడు, అంటే బేస్. 100 దాటేదాకా దాదాపు నిశ్శబ్దం. డబ్బా మీద మాత్రం పెద్ద అక్షరాలతో "20 హెర్ట్జ్ – 20 కిలోహెర్ట్జ్" అని అచ్చు వేసి ఉంది. అది మనిషి చెవి వినగల హద్దు, చాలా డబ్బాల మీద అదే ఉంటుంది, బేస్ ఎంత ఉందో దాన్నిబట్టి తెలియదు. 14 మి.మీ. డ్రైవర్, అంటే లోపల చప్పుడు పుట్టించే బుల్లి స్పీకర్, అని కూడా రాశాడు. పక్కింటి అబ్బాయి దగ్గర పాత రియల్‌మీ బడ్స్ 2 వైరు ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి, అవి వచ్చినప్పుడు 599 రూపాయలు, 11.2 మి.మీ. డ్రైవర్. తెచ్చి పక్కన పెట్టి విన్నాం. వాటిలో డప్పు డప్పులా మోగింది. వారంటీ కోసం డబ్బా మీది సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొడితే అలాంటి నంబరే లేదంది. అంటే పేరు పెద్ద కంపెనీది, సరుకు ఎవరిదో.

నాకు ఎక్కువ భయం వేసింది ఇంకో దానికి. బేస్ వినబడట్లేదని వీడు వాల్యూమ్ పెంచుతూ పోయాడు, చివరికి ఫుల్‌లో పెట్టి గంటసేపు వాయించాడు. పడుకునేటప్పుడు "చెవిలో గుయ్యిమంటోంది అన్నా" అన్నాడు. పొద్దునకి తగ్గింది కానీ ఆ రాత్రంతా నాకు టెన్షనే.

నిన్న సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్లాం, వాడి జాక్ ఉన్న ఫోన్ తీసుకుని. అసలు ఇది రాయడానికి కారణం అక్కడ జరిగిందే.

అదే మనిషి, అదే కౌంటర్. నన్ను చూసి గుర్తుపట్టాడు, కానీ ఈసారి స్టూలు లేదు, అన్నా లేదు. "ఏంటి" అన్నాడు. చెప్పాను. "మీ ఫోనే బాగోలేదు" అని మా చేతిలోంచి తీసుకుని తన ఫోన్‌కి పెట్టి, మొన్నటి పాటే వేసి, నా చెవిలో కుక్కాడు. మళ్లీ అదిరింది! ఒక్క నిమిషం నా మీద నాకే అనుమానం వచ్చింది, చెప్తున్నాను కదా, సారీ చెప్పి వచ్చేద్దామా అని కూడా అనిపించింది. వాడు మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు, పక్కన నిలబడ్డ ఇద్దరు కస్టమర్లూ చూస్తున్నారు.

తమ్ముడు మాత్రం ఆ ఫోన్ స్క్రీన్ వైపే చూస్తున్నాడు. పాట పేరు కింద చిన్న గుర్తు ఒకటి వెలుగుతోంది. "అన్నా, ఒక్కసారి" అని వేలితో నొక్కాడు. ఈక్వలైజర్ తెరుచుకుంది, అంటే బేస్ నుంచి సన్నటి చప్పుడు దాకా దేన్ని ఎంత పెంచాలో పెట్టుకునే సెట్టింగు. ఐదు గీతలు. ఎడమవైపు రెండూ, అంటే బేస్‌వి, పైకంటా లాగి ఉన్నాయి, కింద బేస్ బూస్ట్ అని గుండ్రటిది ఒకటి చివరిదాకా తిప్పి ఉంది. వచ్చినవాళ్లందరికీ అందులోనే వినిపిస్తున్నాడు. మొన్న నేను విన్నది ఇయర్‌ఫోన్స్ కాదు, ఆ ఫోన్‌లో పెట్టిన సెట్టింగు. ఆ సెట్టింగుతో తక్కువ చప్పుడులో ఒక్క పాట ముక్క వినిపించి పంపిస్తే చాలు, లోపం బయటపడదు. అదే సెట్టింగు మన ఫోన్‌లో పెట్టుకోవచ్చు కదా అనొచ్చు, ఇంటికొచ్చాక అదీ చేశాం. వాల్యూమ్ సగం దాటితే గరగరమని పగిలిపోతోంది, మిగతా వాయిద్యాలన్నీ దుప్పటి కింద వినబడ్డట్టున్నాయి.

"ఇది ఆఫ్ చేసి వినిపించండి అన్నా" అన్నాడు తమ్ముడు, చాలా మర్యాదగా. ఆ మనిషి ఫోన్ విసురుగా లాక్కున్నాడు. వైరు నా చెవిలోంచి తెగినంత పనైంది. "ఏయ్, నా ఫోన్ ముట్టుకుంటావేంది? వెయ్యి రూపాయల మాల్‌కి టెస్టింగులా? ముందు చెవుల్లో గుమిలి తీయించుకో పో, అప్పుడు వినబడతది బేస్" అన్నాడు. పంతొమ్మిదేళ్ల పిల్లాడిని, పది మంది ముందు. నన్ను అని ఉంటే నాలుగు మాటలు తిరిగి అనేవాణ్ణి. తమ్ముడి మొహం ఎర్రగా అయిపోయి "పోదాం అన్నా" అని నా చొక్కా పట్టి లాగాడు. డబ్బు ఇమ్మంటే షాపువాడు వెనక గోడ మీది బోర్డు చూపించాడు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని. బిల్లు ఏదీ అన్నాడు. బిల్లు వద్దన్నది తనే! మేం గుమ్మం దిగేలోపే వెనక వినబడింది, "రా అన్నా, కూర్చో అన్నా" అని, ఎవరో కొత్త కుర్రాడితో. నేను వెనక్కి తిరిగి ఆ అబ్బాయికి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అవమానంలో కాళ్లు అలా నడిచేశాయి. ఈ రోజంతా అదే గుచ్చుతోంది, ఆ అబ్బాయీ ఆ ఫోన్‌లోనే విని కొనుక్కుపోయి ఉంటాడు.

వచ్చేదారిలో మెట్రోలో తమ్ముడు ఒక్కటే అన్నాడు, "పోనీలే అన్నా, ఒక చెవికి అలవాటైపోయింది" అని. ఏం సమాధానం చెప్పాలో తెలియలేదు.

ఆ బోర్డు గురించి మాత్రం తెలుసుకోండి, నేనూ నిన్న రాత్రే కూర్చుని చదివాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం రెండూ అనుచిత వ్యాపార పద్ధతుల కిందే రాసి ఉన్నాయి. బిల్లు మీద వేరే గడువు లేకపోతే 30 రోజుల్లోపు డబ్బు తిరిగివ్వాలి. గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసినంత మాత్రాన అది చెల్లదు. ఈ పొద్దున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. నా దగ్గరున్నవి యూపీఐ స్క్రీన్‌షాట్, డబ్బా ఫోటోలు, సీరియల్ నంబర్ లేదన్న పేజీ, అంతే. దీంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు విలువైన వాటికి ఫీజు కూడా లేదు. పదకొండొందల యాభై కోసం ఇంత దూరమా అని ఇంట్లో అంటున్నారు. వాడు మా తమ్ముణ్ణి అన్న మాట కోసం వెళ్తాను.

కొనబోయేవాళ్లు కన్వర్టర్ జేబులో వేసుకుని వెళ్లండి. మీ ఫోన్‌లో, మీకు బాగా తెలిసిన పాటతో వినండి, ఈక్వలైజర్, డాల్బీ లాంటివన్నీ ఆఫ్ చేసి. గోడకున్న జత కాదు, మీకు ఇవ్వబోయే డబ్బాలోదే విప్పించి వినండి. వినేటప్పుడు రెండు వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కండి, నొక్కితే బేస్ పెరిగిందంటే రబ్బరు సైజు చాలలేదని అర్థం, మూడు సైజులు ఇవ్వకపోతే వదిలేయండి. బిల్లు మాత్రం వదలకండి.

హైదరాబాద్‌లో డబ్బా విప్పి మన ఫోన్‌లో విననిచ్చే షాపు మీకు తెలిస్తే చెప్పండి. ఆదివారంలోపు కావాలి, ఈసారి తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్తాను.