జనవరి 20: కుక్ దిగిన రోజా, పెర్ల్ హార్బర్ పోయిన రోజా?

హవాయి చరిత్రలో జనవరి 20కి రెండు ఘటనలు పోటీ పడతాయి. 1778లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ కవాయి దీవిలోని వైమియా దగ్గర ఒడ్డున దిగాడు. 1887లో, హవాయి ఇంకా సొంత రాజ్యంగా ఉన్నప్పుడు, అక్కడి పెర్ల్ హార్బర్ రేవును తమ నేవీకి రాయించుకునే షరతుకు అమెరికా సెనేట్ సరే అంది. ఏది పెద్దదని అడిగితే చాలామంది ఠక్కున కుక్ పేరే చెప్తారు. నేను రెండోదే అంటాను.

కుక్ వైపు వాదన బలమైనదే, కాదనను. ఇనుప మేకులు ఇస్తే పందులు ఇచ్చారు, అతను ఒడ్డుకు దూకగానే జనం నేలమీద బోర్లా పడ్డారు. ఈ ముచ్చట అందరూ చెప్పుకుంటారు గానీ, అంతకుముందే నీళ్ల జాగా వెతకడానికి వెళ్లిన అతని ఆఫీసర్ విలియమ్సన్ ఒక హవాయి మనిషిని కాల్చి చంపిన సంగతి ఎవరికీ గుర్తుండదు. సుఖరోగాలు అంటకూడదని ఆడవాళ్లను ఓడెక్కనివ్వొద్దని కుక్ ఆర్డర్ వేశాడు, ఎవడు విన్నాడు? అదే ఏడాది నవంబర్‌లో తిరిగొచ్చేసరికి ఆ జబ్బు మావీ దీవి దాకా పాకింది. తర్వాత వచ్చిన ఓడలు ఇంకొన్ని రోగాలు మోసుకొచ్చాయి, 1890 జనాభా లెక్కల నాటికి మిశ్రమ రక్తం వాళ్లతో కలిపి హవాయి జాతివాళ్లు మిగిలింది సుమారు 40 వేలు.

పోయిన ప్రాణాలే లెక్కైతే కుక్ రోజే పెద్దది. కానీ కుక్ కాకపోతే ఇంకొకడు వచ్చేవాడు, పసిఫిక్‌లో ఓడలు తిరగడం మొదలయ్యాక ఆ దీవులు ఎన్నాళ్లు దాగుతాయి? 1887 సంగతి అలా కాదు, అది కూర్చుని, ఆలోచించి చేసిన పని.

అమెరికాతో 1875లో చేసుకున్న ఒప్పందంతో హవాయి చక్కెర అమెరికాలోకి సుంకం లేకుండా వెళ్లేది, తోటల యజమానులు బాగా వెనకేసుకున్నారు. దాన్ని ఇంకో 7 ఏళ్లు పొడిగించాలంటే పెర్ల్ నదీముఖంలోకి, అంటే పెర్ల్ హార్బర్‌లోకి వచ్చి బొగ్గు నింపుకుని ఓడలు బాగు చేసుకునే హక్కు మాకొక్కరికే కావాలని సెనేట్ మెలిక పెట్టింది. రాజు కలాకౌవాకి అది ఇష్టం లేదు. జూలైలో రాజు వ్యతిరేకులు హోనొలులు రైఫిల్స్ అనే తెల్లవాళ్ల సాయుధ దళం తుపాకుల అండతో కొత్త రాజ్యాంగం మీద ఆయన చేత సంతకం పెట్టించారు, దాన్ని ‘బయొనెట్ రాజ్యాంగం’ అంటారు, అంటే తుపాకీ మొన మీద పుట్టిందన్నమాట. అది రాసినవాళ్లకే చక్కెర వ్యాపారంతో చుట్టరికం. మంత్రివర్గం కూడా వాళ్ల చేతిలోకే వెళ్లాక ఇక రాజు ఏం చేస్తాడు, ఆ ఏడాది ముగిసేలోపే పెర్ల్ హార్బర్ షరతుకీ ఒప్పుకున్నాడు.

ఇంతా చేసి నేవీ వెంటనే అక్కడ ఏమీ కట్టలేదు కదా అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నిజమే, పెద్ద ఓడలకు పగడపు దిబ్బ అడ్డం. కానీ వేరే దేశం ఆ చోటులోకి రాకుండా చేయడానికి ఆ కాగితమే చాలు. నేవీ స్థావరం వచ్చింది 1908లో. అప్పటికి కాదనడానికి అక్కడ రాజ్యమే లేదు, 1893లోనే కలాకౌవా తర్వాత గద్దెనెక్కిన రాణి లిలియుఒకలానీని దించేశారు, 1898లో దీవులన్నీ అమెరికాలో కలిపేసుకున్నారు.