భీమవరంలో మందు మాన్పించే క్లినిక్, మా అనుభవం (టెన్షన్ కూడా ఉన్నవాళ్ళు చదవండి)

క్లినిక్ పేరు రాయట్లేదండి, రాస్తే మా ఊళ్ళో సగం మంది ఇది మా బావగారి సంగతేనని పట్టేస్తారు. సైకియాట్రిస్ట్ గారిదే, కింద ఓపీ, పైన బెడ్లు. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా.

బావగారికి పాలకొల్లు వైపు రొయ్యల చెరువులు. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి ఒక పంట మొత్తం పోయిన దగ్గర్నుంచి రాత్రి కరెంటు పోతే చాలు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి, ఆక్సిజన్ పడిపోద్దని గుండె దడ, చెమటలు, చచ్చిపోతానేమోనని భయం. ఈసీజీ మూడు చోట్ల తీయిస్తే నార్మలే, ఆర్‌ఎంపీ గారేమో గ్యాస్ అన్నారు. క్వార్టర్ వేస్తే దడ తగ్గుతోందని మొదలెట్టి, రెండేళ్ళు తిరిగేసరికి పొద్దున్నే చెయ్యి వణక్కుండా బ్రష్ చేసుకోవాలన్నా గుక్క పడాల్సిందే.

ముందు వేరే ఊళ్ళో ఒక డీఅడిక్షన్ సెంటర్లో పెట్టాం. గేటుకి తాళం, ఫోన్ లాక్కున్నారు, తాగుడు ఒక్కసారిగా ఆపేశారు, రెండోరోజు ఫిట్స్ వస్తే మాకు నాలుగోరోజు చెప్పారు. దడ గురించి అడిగితే తాగుడు మానితే అదే పోద్దన్నారు. 40 రోజులు ఉండి వచ్చి పదకొండో రోజుకే మళ్ళీ చెరువు గట్టు మీద సీసా, ఎందుకంటే దడ ఎక్కడికీ పోలేదు కదా.

ఇక్కడ డాక్టర్ గారు అడిగిన మొదటి మాటే "తాగుడు ముందొచ్చిందా, భయం ముందొచ్చిందా? మానేసున్న రోజుల్లో భయం ఎలా ఉందండీ?" అని. అప్పటిదాకా ఎవరూ అడగలేదు. తాగితే గంటో రెండు గంటలో నెమ్మదిస్తుంది గానీ దిగేటప్పుడు భయం ఇంకా ఎక్కువై వస్తుంది, అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టే, అన్నారు. ఆక్వా రైతుకి ఇంకా విడమర్చి చెప్పక్కర్లేదు.

వారం అడ్మిషన్. లివర్ టెస్టులు, విటమిన్ బీ1 ఇంజెక్షన్లు, మానేసినప్పుడు వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే లిబ్రియం రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చి ఆపేశారు, ఇంటికి ఇమ్మంటే "దీనికీ అలవాటు పడతారు, ఇవ్వను" అనేశారు. రోజూ బాగా తాగేవాళ్ళు సడన్‌గా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత లేనివి కనపడి పలవరించడం రావచ్చంట, ప్రాణానికే ప్రమాదం, కాబట్టి ఇంట్లో సొంతంగా ట్రై చెయ్యకండి. భయానికి సెర్ట్రలిన్ చిన్న డోసుతో పెట్టారు, పని చెయ్యడానికి కొన్ని వారాలు పట్టింది. తాగాలనే యావ తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్ ఇచ్చారు. మా అత్తయ్య డైసల్ఫిరామ్ (వేసుకున్నాక తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) పులుసులో కలిపి పెట్టమంటారా అనడిగితే డాక్టర్ గారికి కోపం వచ్చింది, తెలీకుండా పెట్టాక మనిషి తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుందంట.

నాకు అన్నింటికన్నా నచ్చింది కౌన్సిలర్ గారు. కరెంటు పోయిన ప్రతిసారీ పుస్తకంలో రాయమన్నారు, పోయినప్పుడు ఏం జరుగుద్దనుకున్నారు, నిజంగా ఏం జరిగింది అని. జనరేటర్ ఆన్ అయ్యాక పరుగెత్తకుండా పది నిమిషాలు గట్టు మీద కూర్చోమన్నారు. మొదటిరోజు మూడు నిమిషాలకే లేచిపోయారు, ఇప్పుడు కూర్చుంటున్నారు.

సంక్రాంతికి కోడిపందాల బరి దగ్గర ఒకసారి జారారు. మర్నాడే తీసుకెళ్తే డాక్టర్ గారు తిట్టలేదు, అక్కడ ఫ్రెండ్స్ పోశారా, దడ వచ్చి తాగారా అని అడిగి మందులు మళ్ళీ సరిచేశారు.

స్టార్ కోసింది ఓపీ హాల్లో "మందు కేసు ఎవరండీ" అని గట్టిగా కేకేసినందుకు, పక్కన మా ఊరాయనే ఉన్నాడు. కౌన్సిలర్ వారానికి రెండ్రోజులే, లిఫ్ట్ లేదు, టోకెన్ ఎనిమిదింటికి తీసుకుంటే చూసేది మధ్యాహ్నం రెండింటికి. ఆ వారం అడ్మిషన్‌కి మాకు 22 వేలయింది. అంత పెట్టలేనివాళ్ళు కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీకి వెళ్ళండి, లేదా 14416 టెలీ మానస్‌కి (మానసిక సమస్యల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యండి, ఫ్రీయే, తెలుగులో మాట్లాడతారు. వెళ్ళేటప్పుడు పాత ఈసీజీలు, చీటీలు అన్నీ పట్టుకెళ్ళండి, సోమవారం మాత్రం వెళ్ళకండి, నిలబడ్డానికి కూడా చోటుండదు.