1968 షెవెల్‌లో 5.3 లీటర్ల ఇంజన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్: ఆరేళ్లు, 38 వేల మైళ్లు వాడాక

కారు 1968 షెవర్లే షెవెల్ మాలిబు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దీంట్లో ఉన్నది 307 క్యూబిక్ అంగుళాల వి8, రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్, రెండే రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్. ఇప్పుడున్నది 2002 సిల్వరాడో ట్రక్కులోంచి తీసిన 5.3 లీటర్ల ఎల్‌ఎం7 ఇంజన్, దాని వెనకే వచ్చిన 4ఎల్60ఈ గేర్‌బాక్స్, ఆ రెంటినీ నడిపే కంప్యూటర్. అమెరికాలో పాత కార్లకు ఎక్కువమంది చేసే మార్పిడి ఇదే. పాత కారు కొనుక్కున్న మన తెలుగువాళ్లు ఇక్కడ ముందుగా అడిగేది కూడా దీని గురించే.

అందరూ గుర్రపు శక్తి ఎంత పెరిగిందని అడుగుతారు. నిజంగా కారు స్వభావం మార్చింది గేర్‌బాక్స్. 26 అంగుళాల టైరు, 3.36 డిఫరెన్షియల్‌తో గంటకు 70 మైళ్ల దగ్గర పాత పవర్‌గ్లైడ్ టాప్ గేరులో ఇంజన్ 3,000 ఆర్‌పీఎం దాటి గోల పెట్టేది. 4ఎల్60ఈ నాలుగో గేరు 0.70. కన్వర్టర్ (ఇంజన్ తిప్పుడుని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లాక్ అయ్యాక అదే వేగానికి 2,130 చాలు. అటు మొదటి గేరు పవర్‌గ్లైడ్‌లో 1.82 అయితే దీంట్లో 3.06. సిగ్నల్ దగ్గర కదలడంలోనూ, హైవే మీద నిశ్శబ్దంలోనూ తేడా అక్కడే ఉంది. పాత 307కి రాసిన 200 హార్స్‌పవర్ గ్రాస్ లెక్క, ఎల్‌ఎం7కి రాసిన 285 నెట్ లెక్క. ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ ఏవీ లేకుండా బెంచి మీద కొలిచే గ్రాస్ పద్ధతిని 1972 మోడళ్లతో వదిలేశారు. కాబట్టి అసలు తేడా 85 కంటే చాలా ఎక్కువ.

హైవే మీద గ్యాలనుకు 20 నుంచి 21 మైళ్లు ఇస్తోంది, అంటే లీటరుకు 9 కిలోమీటర్లకు కాస్త తక్కువ. పాత ఇంజన్‌తో 13 దాటేది కాదు. ఊళ్లో తిరిగితే 15. చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే పిస్టన్ల టకటక ఒక నిమిషం వినిపించి పోతుంది. ఈ ఇంజన్లకు అది మామూలే. వేడెక్కాక కూడా శబ్దం ఉంటేనే ఆలోచించాలి.

ఇంజన్ కొనేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. 2001 నుంచి 2006 మధ్య 5.3 ఇంజన్లలో 706 నంబరు హెడ్లు (సిలిండర్ల పై మూతలు) కొన్ని క్యాస్‌టెక్ అనే కంపెనీ పోత పోసినవి. వాటిలో కొన్నింటికి లోపల పగులు వచ్చి, బయట ఒక్క చుక్క కారకుండానే కూలెంట్ తగ్గిపోతూ ఉంటుంది. వాల్వ్ కవర్ విప్పితే హెడ్ మీద ఆ పోత గుర్తు కనిపిస్తుంది. గుర్తు ఉన్న ప్రతి హెడ్డూ పగలదు. అయినా బయట ఉన్నప్పుడే ప్రెషర్ టెస్ట్ చేయించడం చవక. ఇంజన్, గేర్‌బాక్స్, వైరింగ్, కంప్యూటర్ కలిపి 1,200 డాలర్లయ్యాయి. మొత్తం పని ముగిసేసరికి 7,500. చవక ఇంజన్ దొరికిందని లెక్క వేసుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇంజన్‌ని కారులో కూర్చోబెట్టడంలో మొదటి అడ్డు ఆయిల్ పాన్, అంటే ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి. ట్రక్కు పాన్ లోతు ఎక్కువ. షెవెల్ క్రాస్‌మెంబర్‌కి (ఫ్రేములోని అడ్డదూలానికి) తగులుతుంది, లేదా రోడ్డుకి మరీ దగ్గరగా వేలాడుతుంది. దీనికోసమే చేసిన పొట్టి పాన్ కొనాల్సిందే. మౌంట్ ప్లేట్లు ఒకరివి, పాన్ ఇంకొకరిది, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మూడోవాళ్లది కొంటే ఒక్కొక్కటీ బాగానే ఉంటుంది, మూడూ కలిపి బిగిస్తే స్టీరింగ్ బాక్స్ దగ్గర అర అంగుళం తగులుతుంది. ఒకే కంపెనీ ఒకదానికొకటి సరిపోయేలా చేసిన సెట్టు తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఇంజన్ వెనక్కి జరిగితే ఫైర్‌వాల్‌కి, ముందుకు జరిగితే క్రాస్‌మెంబర్‌కి తగులుతుంది. మధ్యలో ఉన్న చోటు చాలా తక్కువ.

ఆయిల్ పాన్ మార్చేటప్పుడు పంపు నూనె పీల్చే పికప్ ట్యూబుకి ఉండే ఓ-రింగు (రబ్బరు రింగు) మీద నిర్లక్ష్యం వద్దు. వీటిలో మందం తేడాతో రకాలున్నాయి. ట్యూబుకి సరిపోనిది వేసినా, బిగించేటప్పుడు నలిగినా పంపు నూనెతో పాటు గాలి పీలుస్తుంది. ప్రెషర్ పడిపోతుంది, లిఫ్టర్లు చప్పుడు చేస్తాయి. ఇంజన్ పాడైందనుకుని తీసేసినవాళ్లున్నారు. ఇంకొకటి, ఈ పాన్ బెల్ హౌసింగ్‌కి (గేర్‌బాక్స్ ముందు గంట ఆకారపు భాగానికి) కూడా బోల్టులతో కలుస్తుంది. బ్లాకు వెనక ముఖంతో పాన్ వెనక ముఖం సమంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూశాకే బిగించాలి. ముందు, వెనక కవర్లు బ్లాకుని కలిసే నాలుగు మూలల్లో సీలెంట్ రాయకపోతే అక్కడినుంచే కారుతుంది. కొత్త పాన్‌కి పాత డిప్‌స్టిక్ గీత సరిపోదు. ఫిల్టరుతో సహా కొలిచి నూనె పోసి, స్టిక్ మీద కొత్త గీత గీయాలి.

ట్రక్కు ఏసీ కంప్రెసర్ ఇంజన్‌కి కుడివైపు కింద ఉంటుంది. షెవెల్ ఫ్రేము సరిగ్గా అక్కడే అడ్డొస్తుంది. ఫ్రేము కోసేవాళ్లున్నారు. ఈ కారులో కోయకుండా కంప్రెసర్‌ని పైకి తెచ్చే బ్రాకెట్ వాడాం. ఫ్రేము కోస్తే తిరిగి అతికించిన చోటు ఎప్పటికీ అనుమానమే.

గేర్‌బాక్స్ టన్నెల్ కోయకుండానే పట్టింది. ఇంతకంటే పెద్దదైన 4ఎల్80ఈ గానీ ఆరు గేర్ల మాన్యువల్ గానీ అయితే కోత అవసరం పడవచ్చు. గేర్‌బాక్స్ మౌంట్ పవర్‌గ్లైడ్ కంటే దాదాపు 2 అంగుళాలు వెనక్కి వస్తుంది కాబట్టి క్రాస్‌మెంబర్ జరపాలి. బాక్స్ 3 అంగుళాలకు పైగా పొడవు కనుక ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి బ్యాలెన్స్ చేయించాలి. కారు నాలుగు చక్రాల మీద, మామూలు బరువుతో నిలబడ్డాకే కొలవాలి. అదృష్టం ఏమిటంటే షాఫ్ట్‌ని బాక్సులోకి దూర్చే స్లిప్ యోక్ మార్చక్కర్లేదు. పాత బాక్సుకీ కొత్తదానికీ 27 పళ్లే.

బిగించేటప్పుడు జరిగే పెద్ద తప్పు కన్వర్టర్ దగ్గర. అది పంపులోకి పూర్తిగా దిగాలి. తిప్పుతూ నొక్కితే మెట్లు మెట్లుగా లోపలికి దిగినట్టు తెలుస్తుంది. బాక్స్ ఇంజన్‌కి ఆనించాక కన్వర్టర్‌కీ ఇంజన్ వెనక తిరిగే ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుండా బోల్టులతో లాగి దగ్గరకు తెస్తే మొదటి స్టార్ట్‌కే పంపు పగులుతుంది.

గంటకు 60 నుంచి 65 మధ్య మొదట్లో వణుకు ఉండేది. టైర్లు బ్యాలెన్స్ చేయించినా పోలేదు. కారణం కోణం. ఇంజన్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంటే డిఫరెన్షియల్ ముక్కు అంతే పైకి చూడాలి. అప్పుడే రెండు యూనివర్సల్ జాయింట్ల ఊపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. వెనక పై ఆర్మ్‌లు సర్దుబాటు రకం వేశాక వణుకు పోయింది.

ఇంధనం దగ్గర చాలామంది డబ్బు మిగల్చబోయి నష్టపోతారు. కార్బ్యురేటర్‌కి 5, 6 పీఎస్ఐ చాలు. దీనికి 58 కావాలి. పాత ట్యాంకు వదిలేసి ఫ్రేము మీద విడి పంపు పెడితే మలుపుల్లో పెట్రోలు పక్కకి పోయి పంపు ఎండిపోతుంది, వేడెక్కుతుంది, అరుస్తుంది. లోపల అడ్డుగోడలు, పంపు ఉన్న కొత్త ట్యాంకు పెట్టాలి. ఫిల్టరు, రెగ్యులేటరు కలిసున్న 1999-2003 కార్వెట్ ఫిల్టరుని ట్యాంకు పక్కనే బిగిస్తే మిగిలిన పెట్రోలు వెనక్కి తెచ్చే రిటర్న్ గొట్టం ఇంజన్ దాకా లాగనక్కర్లేదు. ఇంజన్ దాకా ఒక్క గొట్టం చాలు. ఇంజన్ మీద మాత్రం 2004 తర్వాతి రిటర్న్ లేని రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) వేయాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. పాత రైల్ రెగ్యులేటరుకి వాక్యూమ్ గొట్టం ఉండేది, ప్రెషర్ దానితో పాటు మారేది. కొత్త ఏర్పాటులో మారదు. కంప్యూటర్‌లో ఇంజెక్టర్ ప్రవాహం పట్టిక మార్చకపోతే ఐడిల్‌లో పెట్రోలు ఎక్కువై పొగ వాసన వస్తుంది.

కంప్యూటర్ నీలం, ఎరుపు కనెక్టర్లది. దొంగతనం జరగకుండా ట్రక్కులో పెట్టిన తాళం తనిఖీని సాఫ్ట్‌వేర్‌లోంచి తీసేయకపోతే ఇంజన్ అంటుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. వెనక ఆక్సిజన్ సెన్సర్లు తీసేయడం, ఎలక్ట్రిక్ ఫ్యాన్లు ఆన్ చేయడం, టైరు సైజు, డిఫరెన్షియల్ నిష్పత్తి రాయడం అన్నీ అప్పుడే. ఆ చివరి రెండూ తప్పైతే గేర్లు తప్పు వేగాల దగ్గర మారతాయి. థ్రాటిల్ కేబుల్ రకం కావడం కలిసొచ్చింది. 2003 నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ థ్రాటిల్ తీసుకుంటే పెడల్, దాని మాడ్యూల్, కంప్యూటర్ మూడూ ఒకే ట్రక్కువై ఉండాలి.

వైరింగ్‌లో ఈ కాలం కార్లకు ఒక గోతి తవ్వి ఉంటుంది. పాత ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్లే వైరు రెసిస్టెన్స్ వైరు. తాళం తిప్పితే కరెంటు వస్తోంది కదా అని దాన్నే కంప్యూటర్‌కి ఇస్తే నిండు 12 వోల్టులు అందవు, ఇంజన్ అప్పుడప్పుడూ తడబడుతుంది, కారణం దొరకదు. ఫ్యూజ్ బాక్సులో ఇగ్నిషన్ టెర్మినల్ నుంచి రిలేకి, రిలే నుంచి కంప్యూటర్‌కి ఇవ్వాలి. క్రాంక్ చేసేటప్పుడూ అక్కడ వోల్టేజ్ ఉందో లేదో మీటరు పెట్టి చూడాలి. ఆల్టర్నేటర్ ఎల్ టెర్మినల్‌కి డాష్‌బోర్డు బల్బు లేదా రెసిస్టర్ గుండానే కరెంటు వెళ్లాలి. నేరుగా ఇస్తే లోపలి రెగ్యులేటర్ కాలిపోతుంది. పాత బయటి రెగ్యులేటర్ తీసేయవచ్చు. ఎర్త్ మాత్రం ఇంజన్‌కి, ఫ్రేముకి, బాడీకి మూడింటికీ మందపాటి తీగతో ఇవ్వాలి. పాత పెయింటు గీకకుండా బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు.

కూలింగ్‌లో మరిచిపోయేది హెడ్ల ముందు ఉండే సన్నటి ఆవిరి గొట్టం. దాన్ని మూసేయకుండా రేడియేటర్ పై భాగానికి కలపాలి. లేకపోతే గాలి హెడ్లలో ఇరుక్కుంటుంది, గేజీ మామూలుగానే చూపిస్తూ లోపల వేడి పెరుగుతుంది. ఫ్యాన్లు 96 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలయ్యేలా పెట్టాం. నూనె, నీటి గేజీలకు కంప్యూటర్ సెన్సర్లు పనికిరావు. నీటి గేజీకైతే కుడి హెడ్ వెనక ఉన్న ప్లగ్ తీసి పాత సెండర్‌ని (గేజీకి లెక్క పంపే సెన్సర్‌ని) అడాప్టర్‌తో పెట్టాలి. మరలు ఇక్కడ మెట్రిక్, పాత సెండర్‌వి కావు. స్పీడోమీటరు కేబుల్ తిప్పడానికి చిన్న మోటారు పెట్టె ఉంటుంది, దానితో పాత డయల్ అలాగే పనిచేస్తోంది. గేరు లివర్ పక్కన ఉన్న రెండు గేర్ల అంకెల బద్ద మాత్రం ఇక సరిపోదు. అలవాటయ్యేదాకా ఏ గేరులో ఉందో వేళ్లతో లెక్కపెట్టుకోవాలి.

ఆరేళ్లలో పాడైనవి ఇవీ. మొదటి ఏడాదిలో ఎడమ మ్యానిఫోల్డ్ చివరి బోల్టు తల విరిగింది. ఈ ఇంజన్లలో అది తరచూ జరిగేదే. అక్కడ గాలి లోపలికి పీల్చుకోవడంతో ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలు తక్కువైందని పొరబడింది, కంప్యూటర్ అదనంగా పోసింది, మైలేజీ పడిపోయింది. బోల్టు మార్చాక అన్నీ సర్దుకున్నాయి. మూడో ఏడాది నాక్ సెన్సర్లు (ఇంజన్ లోపలి కొట్టుడు శబ్దాన్ని పసిగట్టేవి). అవి ఇన్‌టేక్ కింద లోయలో ఉంటాయి. పాత కారు విండ్‌షీల్డ్ కింది కౌల్ నుంచి వాననీరు కారి సరిగ్గా అక్కడే పడుతుంది, తుప్పు పట్టిస్తుంది. కొత్తవి వేసి రబ్బరు మూతల చుట్టూ సీలెంట్ కట్ట పోశాం, కౌల్ సందులూ మూశాం.

28 వేల మైళ్ల దగ్గర గేర్‌బాక్సే దెబ్బతింది. రివర్స్, రెండు, నాలుగు ఒకేసారి పోయాయి. ఈ మూడూ కలిసి పోతే గేర్‌బాక్స్ లోపలి సన్ షెల్ అనే భాగం పళ్లు అరిగాయని విప్పకుండానే చెప్పవచ్చు. బలమైన షెల్, మూడు-నాలుగు గేర్ల క్లచ్ ప్లేట్లు కొత్తవి, పెద్ద కూలర్ వేయించాం. 1,600 డాలర్లు. మళ్లీ మొదలుపెడితే బాక్స్ కారుకి ఎక్కించకముందే ఈ పని చేయించడం మంచిది. లక్ష మైళ్లు దాటిన బాక్సుని విప్పకుండా ఎక్కించడం నాకు ఇప్పుడు సబబుగా అనిపించదు.

బ్రేకులు వేరే పద్దు. 1968లో ఈ కారుకి వచ్చినవి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ముందు చక్రాలకు డిస్కులు వేశాకే ఈ ఇంజన్ ఎక్కించాలి, తర్వాత కాదు.

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష లేదు కాబట్టి షెవెల్‌కి ఇబ్బంది రాలేదు. 1976, ఆ తర్వాతి కారైతే ఇంజన్ మార్పిడిని తనిఖీ చేసే స్మాగ్ రిఫరీ దగ్గరకు వెళ్లాలి. ఇండియాలో అంబాసిడర్ మీద ఇలాంటిది చేద్దామనుకునేవాళ్లకు లెక్క వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకు అడ్డుపడుతుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన కారైనా ఇంజన్ మార్చేస్తే వింటేజ్ కార్లకిచ్చే ‘వీఏ’ నంబరు రాదు.

డిక్కీలో ఎప్పుడూ ఉంచేది క్రాంక్ సెన్సర్ ఒకటి, 13 ఎంఎం సాకెట్, ఎక్స్‌టెన్షన్. ఆ సెన్సర్ పోతే ఇంజన్ తిరుగుతుంది కానీ అంటుకోదు. అది స్టార్టర్ వెనక దాక్కుని ఉంటుంది, స్టార్టర్ దించితేగానీ చెయ్యి పట్టదు. మార్చాక స్కాన్ టూల్‌తో రీలెర్న్ చేయించాలి, అంటే కొత్త సెన్సర్‌ని కంప్యూటర్‌కి అలవాటు చేయించాలి. అప్పటిదాకా ఇంజన్ లైటు వెలిగినా ఇల్లు చేరవచ్చు.